గౌలిగూడలో గాజు చెరువు

పిల్లలను నోట్లో దాచుకునే తల్లి, గుడ్లకు రెక్కలతో విసనకర్ర వీచే తండ్రి... ఈ కాపురం చూడాలంటే ఏ ఆఫ్రికా సరస్సుకో వెళ్లక్కర్లేదు. మూసీ ఒడ్డున ఒక ఇరుకింటి ముందుగదిలో మూడడుగుల గాజుతొట్టి ఉంటే చాలు!

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌లో చేపది రాజ్యం. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే ఆ రోజున చేప తినని ఇల్లు తక్కువ. బేగంబజార్, రాంనగర్ చేపల మార్కెట్లలో తెల్లవారకముందే కాలు పెట్టే సందుండదు. అక్కడికి దగ్గర్లోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇంకో వరస. ఉబ్బసం తగ్గాలని బత్తిన కుటుంబం ఇచ్చే చేపప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నోట్లో మందు పెట్టిన చిటికెనవేలంత కొర్రమీను పిల్లను బతికుండగానే మింగుతారు. కొవిడ్ వల్ల మూడేళ్లు ఆగిన ఆ పంపిణీ 2023లో మళ్లీ మొదలైంది. దానికి శాస్త్రీయ ఆధారం లేదని వైద్యులు చెబుతున్నా వరస మాత్రం తగ్గదు.

ఒకచోట చేపను వండుతారు. మరోచోట మింగుతారు. మరి చేపను కూర్చోబెట్టి కాపురం చేయించేవాళ్లు? వాళ్లూ ఈ చుట్టుపక్కలే ఉంటారు. మార్కెట్ సంచి పట్టుకుని కాకుండా, నీళ్లూ గాలీ నింపి రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరును గుండెకు ఆనించుకుని స్కూటరు వెనక కూర్చుని వెళ్తున్న పిల్లాడు కనిపిస్తే... వాడు ఆ మూడో రకం.

పాలవాళ్ల పేట

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి బ్యాంక్ స్ట్రీట్, కోఠి మీదుగా పుత్లీబౌలి దాటితే గౌలిగూడ. పాడి పశువులను పెంచి పాలమ్మే గవళీల వల్ల ఆ పేరొచ్చిందంటారు. పక్కపేట పేరులోని బౌలి అంటే బావి. అంటే ఈ పేటలకు పాలూ నీళ్లూ కలిసే పేర్లు పెట్టాయన్నమాట!

హనుమాన్ జయంతి నాడు తాడ్‌బండ్ దాకా సాగే శోభాయాత్ర బయల్దేరేది గౌలిగూడ రామమందిరం నుంచే. గురుద్వారా ఉన్నదీ ఇక్కడే. అయితే పాతతరం జిల్లా జనానికి గౌలిగూడ అంటే బస్సులే. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రోడ్డు రవాణా కథలో ఈ పేటకు పెద్ద వాటా ఉంది. 1930లో వేసిన మిసిసిపి హ్యాంగర్ అనే రేకుల షెడ్డు ఎన్నో దశాబ్దాలు బస్‌స్టేషన్‌గా పనిచేసింది. 1994లో మూసీ నడుమ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చాక జిల్లా బస్సులు అటు మళ్లాయి. హ్యాంగర్ సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులై 5 తెల్లవారుజామున అదీ కూలిపోయింది. ఆ వేళ లోపల ఎవరూ లేకపోవడం అదృష్టం.

ఇక మూసీ సంగతి. 1908 సెప్టెంబర్ 28న ఈ ఒడ్డునంతా ముంచెత్తింది. సుమారు 15 వేలమంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మళ్లీ అలాంటి ముప్పు రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటివల్ల వరదా అదుపులోకి వచ్చింది, ఊరికి తాగునీరూ దొరికింది.

నీటిని అదుపులో పెట్టడం ఎంత కష్టమో తెలిసిన నేల ఇది. గాజుతొట్టి పెట్టుకున్నవాళ్లు నేర్చుకునేదీ చిన్న కొలతలో అదే పాఠం.

ఎవరీ సిక్లిడ్‌లు?

పేరు కొత్తగా ఉన్నా చేపలు తెలిసినవే. నెలవంకలాంటి రెక్కలతో నిలువుగా తేలే ఏంజెల్, పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్, చెయ్యి చూపిస్తే వెంటబడే ఆస్కార్, నుదుటి మీద బొడిపెతో దర్జాగా తిరిగే ఫ్లవర్‌హార్న్... అన్నీ సిక్లిడ్ కుటుంబానివే. ఆ మాటకొస్తే మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే తిలాపియా కూడా వీటి బంధువే. అంటే సిక్లిడ్‌ను చూడలేదనుకునేవాళ్లలో చాలామంది దాన్ని పులుసు పెట్టుకుని తిన్నవాళ్లే!

ప్రపంచంలో ఇప్పటిదాకా పేర్లు పెట్టిన సిక్లిడ్‌లు 1700 రకాలకు పైనే. ఎక్కువ భాగం ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా, విక్టోరియా సరస్సుల్లోనూ, మధ్య, దక్షిణ అమెరికా నదుల్లోనూ ఉంటాయి. మామూలు దవడలు కాక గొంతులో ఇంకో జత దవడలుండటం వీటి ప్రత్యేకత. ముందు దవడలు పట్టుకుంటాయి, వెనకవి నములుతాయి. ఇలా పని పంచుకోవడం వల్లే ఒకటి నాచు గీక్కుని, ఇంకొకటి నత్తల్ని పగలగొట్టుకుని, మరొకటి సాటిచేపల పొలుసులు పీక్కుని బతకడం అలవాటు చేసుకున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పిల్లల పెంపకం. చాలా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు పోవు. కాపలా కాస్తాయి. తమకన్నా పెద్ద చేప వచ్చినా ఎదురు తిరుగుతాయి. అద్దం మీద వేలు పెట్టిన యజమానినీ వదలవు.

నీళ్లు తెలిస్తే సగం తెలిసినట్టే

కొత్తగా తొట్టి కొన్న ఇళ్లలో మొదటి వారంలోనే చేపలు చచ్చిపోవడం మామూలు. 'మనకు అచ్చిరాలేదు' అని తొట్టిని అటక ఎక్కించేస్తారు. అచ్చిరాకపోవడం కాదు, నీళ్లు సిద్ధం కాకపోవడం అసలు కారణం.

చేప విసర్జించే వ్యర్థాల్లో అమ్మోనియా ఉంటుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఓపిక లేక మొదటిరోజే డజను చేపలు వేస్తే అవి తమ వ్యర్థాల్లోనే చిక్కుకుపోతాయి. తెలిసినవాళ్ల తొట్టిలో నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి పెడితే పని తొందరగా అవుతుంది. పాలలో తోడు వేసినట్టన్నమాట. పాలవాళ్ల పేటలో ఇంతకన్నా మంచి పోలిక ఏం చెప్పాలి?

రెండో సంగతి క్లోరిన్. ఒకప్పుడు ఊరి చివరి చెరువుల నీళ్లు తాగిన హైదరాబాద్‌కు ఇప్పుడు మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి. కృష్ణా నీళ్లు 2004లో, గోదావరి నీళ్లు 2015లో వచ్చాయి. వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి వచ్చే నీటిలో క్లోరిన్ కలపడం తప్పనిసరి. మనకు రక్ష అయిన ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. నల్లా నీళ్లను బకెట్లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒకరోజు ఉంచాలి. లేదంటే దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి.

మూడోది బోరు నీళ్లు. నగరం రాతిగుట్టల మీద ఉంది కాబట్టి చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. బిందెకు తెల్లటి పొర కట్టే ఆ నీళ్లంటే డిస్కస్‌కు పడదు. అది అమెజాన్ అడవి వాగుల్లోని మెత్తటి నీటికి అలవాటుపడ్డ జీవి. అదే మలావి సరస్సు నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ యెల్లో లాంటి చేపకు గట్టి నీళ్లే ఇష్టం. అందుకే ముందు చేపను చూసి మనసు పడి, తర్వాత నీటితో కుస్తీ పట్టడం కన్నా, ఇంటికొచ్చే నీళ్లేవో తెలుసుకుని వాటికి సరిపడే చేపను తెచ్చుకోవడం తెలివైన పని.

బరువు సంగతీ మరవకూడదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో 125 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. గాజు, రాళ్లు, స్టాండు కలిస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకేచోట రాత్రీపగలూ నిలబడినంత బరువు. పాతకాలపు మిద్దె ఇంట్లో అయితే గది మధ్యలో కాకుండా గోడవారగా పెట్టాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే నాచు పట్టేస్తుంది.

నోట్లో ఊయల

సిక్లిడ్‌లు పిల్లల్ని పెంచే పద్ధతి అన్నిటికీ ఒకటి కాదు. ఏంజెల్స్ వెడల్పాటి ఆకు మీదో, నిలబెట్టిన నల్లరాతి పలక మీదో గుడ్లు పెడతాయి. వీటిలో ఆడా మగా తేడా చూసి చెప్పడం నిపుణులకూ కష్టమే. అందుకే అనుభవజ్ఞులు ఆరేడు పిల్లల్ని కొని కలిపి పెంచుతారు. ఎదిగాక వాటిలో రెండు ఓ మూలకు చేరి మిగిలినవాటిని తరమడం మొదలుపెడితే జత కుదిరినట్టే. పెళ్లిచూపులు, జాతకాలు అక్కర్లేదు!

పలకను ఇద్దరూ నోటితో శుభ్రం చేస్తారు. ఆడది వరసగా గుడ్లు అంటిస్తూ వెళ్తుంది, మగది వెనకే వస్తుంది. ఒక విడతకు వందల గుడ్లు. ఆ తర్వాత వంతులవారీగా రెక్కలు ఆడిస్తూ గుడ్లకు గాలి తగిలేలా చూస్తారు. తెల్లగా మారిన చెడ్డ గుడ్లను ఏరేస్తారు. నీళ్ల వేడి 27, 28 డిగ్రీలుంటే రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి.

కథ ఎప్పుడూ ఇంత సాఫీగా సాగదు. రాత్రి పడుకునేటప్పుడు పలక నిండా ఉన్న గుడ్లు తెల్లారేసరికి ఒక్కటీ ఉండవు. తల్లిదండ్రులే తినేస్తాయి! కొత్త జంట మొదటి రెండు మూడుసార్లు ఇలా చేయడం మామూలే. దుకాణాల్లోని ఏంజెల్స్ చాలావరకు అమ్మానాన్నల దగ్గర పెరిగినవి కావు. గుడ్లప్పుడే విడదీసి వేరే తొట్టిలో పొదిగించినవి. తరాల తరబడి అలా జరగడం వల్ల పెంచే అలవాటు తగ్గిందని పెంపకందారులు చెబుతారు. భయపెడితే మరీ తినేస్తాయి. కాబట్టి గుడ్లు పెట్టిన తొట్టి దగ్గర చుట్టాలను గుంపుగా చేర్చడం, టార్చిలైటు వేసి చూపించడం మానుకోవాలి.

మలావి చేపలది మరో దారి. తల్లి గుడ్లను నోట్లోకి తీసుకుంటుంది. అక్కడే పొదుగుతాయి, అక్కడే పెరుగుతాయి. దాదాపు మూడు వారాలు ఆ తల్లి మేత ముట్టదు. గదవ కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఇలాంటి తొట్టి ఉన్న ఇంట్లో నాయనమ్మకూ మనవడికీ మధ్య మాటలు ఇలాగే ఉంటాయి.

"ఏందిరా, నీ చేప ఇయ్యాల గూడ గింజలు ముట్టలే?"

"అది తినదు నాయనమ్మా. నోట్ల పిల్లలున్నయి."

"ఇరవై దినాలు ఉపాసమా! అమ్మ అంటే అమ్మనే రా."

డిస్కస్‌ది ఇంకా చిత్రం. తల్లీతండ్రీ ఒంటి మీద ఊరే జిగురే పిల్లలకు తొలి ఆహారం. ఒకరి ఒళ్లు విడిచి మరొకరి ఒంటి మీదికి పిల్లల గుంపు మారుతుంటే... పాలిచ్చే నాన్నను చూసినట్టే ఉంటుంది.

పిల్లల మేతకు చాలామంది ఆర్టీమియా గుడ్లు వాడతారు. ఉప్పునీటిలో వేసి గాలి కొడితే ఒకరోజులో పొదిగి, కంటికి కనీకనిపించని ఎర్రటి రొయ్యపిల్లలు వస్తాయి. ఉడికిన కోడిగుడ్డు సొన గుడ్డలో పిండి వేసేవాళ్లూ ఉన్నారు. అయితే కొంచెం ఎక్కువైనా నీళ్లు పాడవుతాయి. రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా మేత, అడుగున మిగిలింది తీసేయడం, వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం... ఈ మూడూ తప్పకుండా జరిగిన తొట్టిలోనే పిల్లలు నిలుస్తాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో హీటర్ కావాలి. మే నెలలో నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి మేత తగ్గించి గాలి పెంచాలి. కరెంటు పోతే పనిచేసే చిన్న బ్యాటరీ పంపు దగ్గర పెట్టుకుంటే నిశ్చింత.

మనవాళ్లను మరిచిపోయాం

ఇన్ని దేశాల చేపలు కొంటున్నాం. మన దేశానికీ సొంత సిక్లిడ్‌లు ఉన్నాయని ఎందరికి తెలుసు? మూడే రకాలు. కేరళవాళ్లు ప్రాణంగా తినే కరిమీన్ అందులో ఒకటి. దాన్ని 2010లో ఆ రాష్ట్రం తన అధికార చేపగా ప్రకటించింది. నెల్లూరు సీమకు ఆనుకున్న పులికాట్ సరస్సులోనూ అది ఉంటుంది. 1790లోనే జర్మన్ శాస్త్రవేత్త బ్లాక్ దానికి సూరత్ పేరు కలిపి శాస్త్రీయనామం పెట్టాడు. రెండోది వేలెడంత ఉండే పసుపు నారింజ రంగు చేప. తొట్టెలకు అచ్చంగా సరిపోతుంది. మూడోది కర్ణాటక తీరపు నదులది. వీటికి దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో!

నారింజరంగు చేప కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటుంది. సందు దొరికితే అదే కరిమీన్ గుడ్లనూ కాజేస్తుంది. సాయమూ చేస్తుంది, దొంగతనమూ చేస్తుంది. పక్కింటివాళ్లతో మనకుండే సంబంధం లాంటిదే అనుకోవచ్చు!

అయినా దుకాణంలో గిరాకీ ఫ్లవర్‌హార్న్‌కే. 1990లలో మలేసియాలో కొన్ని అమెరికా సిక్లిడ్‌లను కలిపి పుట్టించిన సంకరజాతి అది. నుదుటి బొడిపె ఎంత పెద్దదైతే అంత అదృష్టమన్న నమ్మకం దాని ధరను పెంచింది. వాస్తు పేరు చెప్పి కొన్నవాళ్లకు అదృష్టం పట్టిందో లేదో గానీ, అది ఒంటరి ఖైదీలా ఉంటుంది. ఇంకో చేపను దరిచేరనివ్వదు. ప్యారట్ చేపా సంకరజాతే. పాపం, దాని నోరు సరిగా మూసుకోదు. రంగు, ధర చూసి కొనేముందు ఈ సంగతులు ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటే మంచిది.

దేశంలో రంగుచేపల పెంపకానికి పెట్టింది పేరైన చెన్నై కొళత్తూరులో ఎన్నో కుటుంబాలకు ఇదే బతుకుతెరువు. తెలుగునేల మీద సిక్లిడ్ పెంపకం శాస్త్రబద్ధంగా జరిగేది తినే చేపతోనే. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ మేలుజాతి తిలాపియా పిల్లల్ని ఉత్పత్తి చేస్తోంది. అదీ నోట్లో పిల్లల్ని పెంచే తల్లే.

మూసీ దగ్గరే ఉంది... కానీ!

ఒక్క ఏంజెల్ జంట విడతకు వంద పిల్లల్ని దక్కించుకుందనుకుందాం. మూడడుగుల తొట్టిలో అన్ని చేపలు పెరగవు. అరచేతిలో వచ్చిన ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు... 'పక్కనే మూసీ ఉంది కదా, వదిలేస్తే పుణ్యం' అని.

అది పుణ్యం కాదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950లలో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను తెచ్చి వదిలారు. 1980ల నాటికి అక్కడి సిక్లిడ్‌లలో దాదాపు 200 రకాలు కనిపించకుండా పోయాయని శాస్త్రవేత్తల అంచనా. అక్కడ బలైన సిక్లిడ్, మనదగ్గర బలి తీసుకునేది కావచ్చు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా చెరువుచెరువుకూ పాకి స్థానిక చేపల చోటును ఆక్రమించింది. అక్వేరియాల్లో నాచు తింటుందని కొనే సక్కర్ చేప తెలుగు రాష్ట్రాల నీళ్లలో దెయ్యం చేపగా పేరుమోసి జాలర్ల వలలు చింపుతోంది. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకసారి, జాలిపడి వదిలిన ఫలితమే ఇదంతా.

మరేం చేయాలి? పెంచలేనంత సంతానం వద్దనుకుంటే గుడ్లప్పుడే పలక తీసేయాలి. ఆడామగా తెలిశాక వేరు చేయాలి. ఎదిగిన పిల్లల్ని తీసుకునే దుకాణాన్ని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. తొట్టి ఉన్న స్నేహితులకు ఇవ్వాలి. చేపను తెచ్చేరోజే అది ఎంత పెరుగుతుందో అడిగితే ఈ చిక్కులు సగం రావు.

1908లో ఒక్క రాత్రిలో నది గట్టు దాటితే మళ్లీ దాన్ని గాడిలో పెట్టడానికి ఈ నగరానికి పంతొమ్మిదేళ్లు, రెండు పెద్ద జలాశయాలు కావలసివచ్చాయి. నదిలో కలిసిన చేపకైతే అలాంటి ఆనకట్ట కట్టేవారెవరూ లేరు. అందుకే తొట్టిలోది తొట్టిలోనే ఉండాలి.

రాత్రి పది దాటాక గౌలిగూడలో దుకాణాల షట్టర్లు దిగుతాయి. అటు బస్‌స్టేషన్ నుంచి హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. ముందుగదిలో లైటు ఆర్పేముందు పిల్లాడు ఒకసారి అద్దం దగ్గరికి వెళ్తాడు. అటూ ఇటూ తిరుగుతున్న పిల్లల్ని ఏంజెల్ జంట ఒక్కొక్కటిగా నోట పట్టి, పలక దగ్గరికి తెచ్చి జాగ్రత్తగా వదులుతుంటుంది. లోపలి గదిలో నుంచి వాళ్లమ్మ కేక వేస్తుంది.

"చాల్‌గనీ, ఇగ పండుకో రారా!"

అద్దానికి అటూ ఇటూ ఒకటే పని నడుస్తోంది.